టోపీల పిల్ల ఎక్కడికి వెళ్తోంది

మా ఫిలిం క్లబ్బు వాట్సాప్ గ్రూపు చచ్చిపోయిందని నేను ఎప్పుడో నిర్ధారించుకున్నాను. పుట్టినరోజులకు కేకు బొమ్మ, పండగలకు దీపం బొమ్మ, మధ్యలో ఎవరో ఒకరు పంపే మోకాళ్ల నొప్పి చిట్కా. మోకాళ్లు నొప్పి పెట్టే వయసు మాలో ఎవరికీ ఇంకా రాలేదు, అయినా ముందుజాగ్రత్త. అలాంటి గ్రూపుకి మొన్న ఉన్నట్టుండి ప్రాణం లేచొచ్చింది. మేం యూనివర్సిటీలో ఉన్నప్పుడు వేసిన ఒక పాత ఫ్రెంచి సినిమాని, ప్రేమ పేరుతో జరిగే హత్యల మీద తీసిన నాలుగు కథల సినిమాని, ఇప్పుడు గీతలూ మరకలూ తుడిచి కొత్తగా వదిలారట. అదే సెమినార్ హాల్లో మళ్లీ వేద్దామని జ్యోతి రాసింది. "వసూ, కామెంటరీ నువ్వే చెప్పాలె. సబ్‌టైటిల్స్ ఉన్నా సరే." దాని కింద ఇంకెవరో, "గా సినిమా అప్పుడే కదా మన మహేందర్ అన్న లవ్ స్టోరీ ఖతమైంది, పాపం అన్న" అని రాశారు. కింద వరసగా గుండె బొమ్మలు. ఆ వరసలో చివరి గుండె మహేందర్‌దే.

ఆ లవ్ స్టోరీలో హీరోయిన్‌ని నేను. ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో నేను తార్నాకలో మా పెద్దమ్మ వాళ్లింట్లో ఉండి చదువుకునేదాన్ని. మాది కాకినాడ దగ్గర. పెదనాన్నకి రైల్వేలో ఉద్యోగం, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండే మనిషి. లిఫ్టు లేని అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు, మెట్లెక్కుతుంటే ఏ ఇంట్లో ఏం వండుతున్నారో ముక్కే చెప్పేసేది. మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాఫీ డికాషను, ఇంగువ, కొబ్బరినూనె, వాటన్నిటి కింద సన్నగా కొత్త పేపరు వాసన. పెద్దమ్మ వంటింటి గడప దగ్గర కత్తిపీట వేసుకుని కూర్చునేది. నిన్నటి పేపరు మీద బీరకాయ తొక్కు, ఇవాళ్టి పేపరు ఎదురుగా గోడకి ఆనించి. తరుగుతూనే పైకి చదివేది. రాజకీయాలు ఆవిడకి అక్కర్లేదు, బంగారం ధర ఒకసారి చూసి నిట్టూర్చేది, తర్వాత నేరాల పేజీ. 'ప్రేమోన్మాది ఘాతుకం' అని శీర్షిక చదివి ఒక క్షణం ఆగేది, మేం సర్దుకుని కూర్చోవడానికన్నట్టు. "ఏళ్ల తరబడి వెంటపడ్డాడటండీ. తిండి కూడా మానేశాడట. అంత ప్రేమ పెట్టుకుని, అయ్యో, చేతులెలా వచ్చాయో వెధవకి." బీరకాయ రెండు ముక్కలు. "ఆ పిల్లైనా మొదట్లో నవ్వకుండా ఉండాల్సింది." ఇంకో రెండు ముక్కలు. డికాషను దిగడానికీ ఉప్మా ఉడకడానికీ మధ్య, ఎక్కడో ఒక ఊళ్లో ఒక అమ్మాయి చచ్చిపోయేది. మేం ఆవకాయ వేసుకునేవాళ్లం.

నేనూ ఊరుకునేదాన్ని కాదు. "పెద్దమ్మా, పెదనాన్న నిన్ను అంతలా ప్రేమించి ఉంటే ఈపాటికి నీ ఫొటో కూడా పేపర్లో పడేది" అన్నానొకసారి. పెదనాన్న గడ్డానికి సబ్బు నురగతో బాత్రూమ్‌లోంచి తల బయటపెట్టి, "నాకంత ఓపికేదమ్మా" అన్నాడు. పెద్దమ్మ నవ్వాపుకోలేక కత్తిపీట మీంచి లేచిపోయింది. ఆ ఇంట్లో నా పని అదే. ఎక్కడ ఎవరి గొంతు కొంచెం గద్గదమైనా సరే, వెళ్లి సూది గుచ్చి గాలి తీసెయ్యడం.

క్యాంపస్‌లో కూడా అదే పనికి పిలిచారు నన్ను. మా ఫిలిం క్లబ్బుకి ఒక ప్రొజెక్టరు, కిటికీలకి కట్టడానికి నల్ల గుడ్డలు, ఎవరెవరి దగ్గర్నించో తెచ్చిన సినిమాలు ఉండేవి. సబ్‌టైటిల్స్ మాత్రం ఉంటే ఉండేవి, లేకపోతే లేదు. నేను సాయంత్రాలు ఫ్రెంచి డిప్లొమా చదివేదాన్ని. ఫ్రెంచి నాకు వచ్చని అనలేను. మిగతావాళ్లకి బొత్తిగా రాదు, అంతే తేడా. అందుకని ప్రొజెక్టరు పక్కన కుర్చీ వేసి, చేతికి మైకిచ్చి కూర్చోబెట్టారు. ముందురోజే సినిమాని ఆపి ఆపి చూసి, అర్థమైనంత చీటీల మీద రాసుకుని, శనివారం సాయంత్రం బొమ్మ నడుస్తుంటే తెలుగులో చెప్పుకుంటూ పోయేదాన్ని. రాజుకీ, రాణికీ, కుక్కకీ అందరికీ నా గొంతే. తెలియని చోట కల్పించేదాన్ని. హీరో శవం మీద పడి ఏడుస్తుంటే, "ఏడుస్తున్నాడు. ఈ ఏడుపేదో పొడవకముందు ఏడ్చి ఉంటే టిక్కెట్టు డబ్బులు మిగిలేవి" అనేదాన్ని. హాలు గొల్లుమనేది. అడిక్‌మెట్ గదుల్నించి, సీతాఫల్‌మండి నుంచి కూడా పిల్లలు వచ్చేవాళ్లు, సినిమా కోసం కాదు, నా నోటి కోసం అని జ్యోతి అనేది. జ్యోతి నా క్లాస్‌మేటు, హాస్టల్లో ఉండేది, నాకప్పుడు ప్రాణస్నేహితురాలు.

ప్రొజెక్టరు నడిపేది మహేందర్. రీసెర్చి స్కాలరు, జనగామ వైపు రైతు కుటుంబం. క్యాంపస్‌లో సగంమందికి అన్న. ఎవరికి జ్వరమొచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్లేది అతనే, ఎవరి ఫీజు ఫారం ఎక్కడ ఇరుక్కున్నా వెళ్లి పీక్కొచ్చేది అతనే. అదే అసలు చిక్కు. చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది! క్యాంటీన్ దగ్గర చాయ్ తాగుతూ ఒకరోజు, "వసుధా, నువ్వంటే నాకు పానం" అన్నాడు. "ప్రాణం జాగ్రత్తన్నా, మీ హాస్టల్లో దొంగలెక్కువ" అన్నాను. నవ్వాడు. తర్వాత మర్యాదగా, సూటిగా, "నాకు అలాంటి ఉద్దేశం లేదు" అని కూడా చెప్పాను. దానికీ నవ్వాడు. అయిపోయిందనుకున్నాను.

మర్నాటి నుంచి పొద్దున పూట మా తార్నాక స్టాపులో నిలబడటం మొదలుపెట్టాడు. ఏమీ అనడు. పలకరించడు. నేను బస్సెక్కేదాకా చూసి, అతనూ ఏదో బస్సెక్కి వెళ్లిపోతాడు. గడ్డం పెరిగింది. ఒకరోజు మణికట్టుకి కట్టుతో వచ్చాడు. కట్టు కింద ఏముందో అతను చెప్పలేదు, జ్యోతి చెప్పింది. రాయబారాలు మొదలయ్యాయి. "అన్నం తింటలేడే." "నిన్నేమన్న అంటున్నడా? ఊకె నిలబడుతున్నడు, అంతే కదా." "ఒక్కసారి మంచిగ మాట్లాడితే నీ సొమ్మేం పోతది?" అందరూ నా మంచికోరే చెప్పారు. ఒక సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద అతనే ఆపాడు. మెల్లగా, ఎంతో ఇదిగా, "నువ్వు లేకుంటే నేనుండ వసుధా. నేను లేకుంటే నువ్వెట్లుంటవ్?" అన్నాడు. "ఇప్పుడున్నట్టే ఉంటానన్నా" అన్నాను. నా జోకుల్లో అదేమంత చెడ్డది కాదు. కానీ ఈసారి అతను నవ్వలేదు. అదే మాట, అంతే మెల్లగా, ఇంకోసారి అన్నాడు. "నేను లేకుంటే నువ్వెట్లుంటవ్?" అది ప్రశ్న కాదని అప్పుడర్థమైంది.

ఇంట్లో చెప్పొచ్చు కదా అంటారు. మా ఇళ్లల్లో ఏ జబ్బుకైనా మందొకటే, పిల్లని రైలెక్కించడం. పెద్దమ్మకి చెబితే ఆవిడ కాకినాడ ఫోను చేస్తుంది, నాన్న బయల్దేరి వస్తాడు, నా చదువు గౌతమీ ఎక్స్‌ప్రెస్సులో పై బెర్తు మీద ముగిసిపోతుంది. పైగా పెద్దమ్మ రోజూ పొద్దున్నే పేపరు చదవడం వింటున్నదాన్ని. నేను చెబితే ఆవిడ మొట్టమొదట అడగబోయేది, నువ్వేమైనా నవ్వావా అని. నవ్వాను కూడాను. నవ్వడం తప్ప నాకేం వచ్చు?

ఆ స్థితిలో వచ్చి పడింది ఆ సినిమా. దాని పేరు నేను చెప్పను. మీరు పలకలేరు, నేనూ పలకలేను, ఎందుకొచ్చిన బాధ. నలుపు తెలుపు బొమ్మ. ఒక ముసలి జడ్జి చలిమంట ముందు కూర్చుని తను తీర్పు చెప్పిన కేసుల్ని తలుచుకుంటూ ఉంటాడు, ఒక్కో తలపూ ఒక్కో కథ. అన్నీ ప్రేమలే, అన్నీ హత్యలే. ఆ శనివారం పెద్దమ్మ కూడా వస్తానంది. తన పిల్ల మైకులో మాట్లాడుతుంటే వినాలని ఎన్నాళ్లుగానో కోరిక. జరీ చీర కట్టుకుని, స్టీలు డబ్బా నిండా జంతికలతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. సినిమా మొదలవకముందే హాలంతా కరకరలాడింది. వైర్లు కలుపుతున్న మహేందర్ దగ్గరికి కూడా వెళ్లి, "సన్నగా ఉన్నావు బాబూ, ఇంకో రెండు తీసుకో" అంది. తీసుకున్నాడు. అన్నం తినడం లేదన్న మనిషి జంతికలు తిన్నాడని జ్యోతికి చెబుదామనుకుని, ఊరుకున్నాను.

మొదటి కథలో గడియారాలు బాగుచేసే ఆయన భార్యని చంపాడు. "టైం చూసి చంపాడు" అన్నాను, హాలు నవ్వింది. కోర్టు వదిలేసింది. రెండో కథలో ఒక వితంతువు తనని మోసం చేసినవాడి కాఫీలో విషం కలిపింది. ఆవిడ తల తీయించారు. మూడో కథలో ఇద్దరన్నదమ్ములు ఒకే అమ్మాయి కోసం తుపాకులు తీశారు, మిగిలినవాణ్ణి వదిలేశారు. పెద్దమ్మ ముందు వరసలోంచే, అందరికీ వినపడేలా, "ఆడదైతే తలే తీస్తారా?" అంది. ఆ రోజు హాల్లో నా జోకులన్నిటికంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది. ఆవిడ జోకు వేయలేదు.

నాలుగో కథ ఒక టోపీలు కుట్టే అమ్మాయిది. ఒక కాలేజీ కుర్రాడు ఆమెను ప్రేమిస్తాడు. ఆమె వద్దంటుంది. వద్దన్నట్టు తలాడిస్తుంది, అంతే. సినిమా మొత్తంలో ఆ పిల్లకి ఒక్క డైలాగు లేదు. గుండ్రటి టోపీ పెట్టె పట్టుకుని రాళ్లు పరిచిన వీధిలో ఎక్కడికో వెళ్తూ ఉంటుంది, కుర్రాడు సందు చివర నిలబడి ఉంటాడు. తర్వాత పెట్టె దొర్లుకుంటూ పోవడం చూపిస్తారు. మిగతాదంతా కోర్టు. ఆ కుర్రాడి లాయరు లేచి మాట్లాడతాడు, ఎంతసేపు మాట్లాడతాడంటే నా చీటీల్లో సగం ఆయనవే. నేను చదువుకుంటూ పోతున్నాను. "అయ్యా, ఇతను హంతకుడు కాదు, ప్రేమికుడు. తిండి మానేశాడు, నిద్ర మానేశాడు. ఆమె ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట మెత్తగా అని ఉంటే..." వెనక నుంచి ఎవరో, "సచ్చీ బాత్, నిజమే" అన్నారు. ఇంకెవరో, "మన అన్న లెక్కనే ఉన్నడు కదరా" అన్నారు. చిన్నగా, ప్రేమగా నవ్వారు కొందరు. ప్రొజెక్టరు వెలుతురులో మహేందర్ తల వంచుకుని ఉన్నాడు, బొమ్మలో ఆ కుర్రాడు బోనులో ఎలా వంచుకున్నాడో అలాగే.

అప్పుడు హాలు మొత్తం కనపడింది నాకు. రేప్పొద్దున నాకేమైనా అయితే వీళ్లందరూ ఇలాగే కూర్చుంటారు. ఇవే మొహాలు, ఇదే 'పాపం'. జ్యోతి విలేకరులతో, మంచోడండి, అందరికి సాయం చేసేటోడు అంటుంది. పెద్దమ్మ ఆ మాట బీరకాయ తరుగుతూ పైకి చదువుతుంది.

"ఒక్క నిమిషం," అన్నాను మైకులో. "లాయరుగారు ఇంకా మాట్లాడుతున్నారు, మాట్లాడనివ్వండి. ఈ టోపీల పిల్లకి సినిమాలో మాటలు రాయలేదు. ఆమె మాటలు నేను చెప్తాను." తెర మీద ఆ పిల్ల మళ్లీ పెట్టె పట్టుకుని నడుస్తోంది, కుర్రాడి జ్ఞాపకంలో. "నేను పనికి వెళ్తున్నాను. ఇతను నాకు తెలుసు. మంచివాడే. నాకు వద్దు. నేను పొద్దున బస్సెక్కే చోట నిలబడతాడు. ఏమీ అనడు. ఏమీ అనకపోవడం ఎంత గట్టిగా వినపడుతుందో మీకెవరికీ తెలీదు. నవ్వుతూ చెప్పాను. మర్యాదగా చెప్పాను. నా దగ్గరున్న గొంతులన్నీ అయిపోయాయి. పొద్దున లేవగానే నాకు గుర్తొచ్చేది ఇతనే. ప్రేమించే పిల్లకి కూడా ఇంతలా గుర్తురాడేమో. నాకు భయంగా ఉంది."

"గా కాలంల బస్సులేడున్నయే?" అన్నారెవరో, అలవాటు ప్రకారం నవ్వబోయి. ఎవరూ కలవలేదు.

"అది సినిమాల లేదు," అన్నాడు మహేందర్. నాకు మాత్రమే వినపడేలా అన్నాడు గానీ, మైకు నా చేతిలో ఉంది, హాలంతా వినపడింది.

"లేదన్నా. అందుకే చెప్తున్న," అన్నాను.

కుర్రాణ్ణి కోర్టు వదిలేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లైట్లేశాక మహేందర్ వైర్లు చుట్టుకుంటూ ఉన్నాడు. నేను చీటీలు సర్దుకుంటున్నాను. జ్యోతి నా దగ్గరికొచ్చి, "అందరి ముందట గట్ల ఇజ్జత్ తీస్తరా? ఆయన ఏమన్న చేసుకుంటే?" అంది. తనకి తట్టిన ప్రమాదం అదొక్కటే.

ఆటోలో పెద్దమ్మ ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుంది. తార్నాక దగ్గరపడ్డాక, "ఆ పిల్ల పెట్టె పట్టుకుని ఎక్కడికి వెళ్తోందే?" అంది.

"పనికని నేనే కల్పించాను. సినిమాలో చెప్పలేదు."

"అంత సినిమా తీసి అది చెప్పలేదా?" డబ్బా మూత నొక్కిపెట్టి, "మన స్టాపులోనేనా?"

"ఊఁ."

"నేను జంతికలు పెట్టినవాడేనా?"

"ఊఁ."

"ఇంకో రెండు తీసుకోమన్నాను కదే," అంది పెద్దమ్మ. ఆ గొంతులో దేన్నయినా గుచ్చి గాలి తీయడం నా వల్ల కాలేదు.

ఆ రాత్రంతా ఆవిడ కాకినాడకి ఫోను చేస్తుందేమోనని చెవులు రిక్కించుకుని పడుకున్నాను. పొద్దున చేసింది. నేను బాగా చదువుకుంటున్నానని, తిండి మాత్రం సరిగా తినడం లేదని అమ్మకి చెప్పి పెట్టేసింది. పేపరు గోడకి ఆనించింది, శీర్షిక దాకా వచ్చి ఆగింది. ఈసారి మా కోసం ఆగినట్టు లేదు. మడిచి పక్కన పెట్టేసింది. సోమవారం నేను కాలేజీకి బయల్దేరుతుంటే కూరల సంచి తీసుకుని చెప్పులేసుకుంది.

"కూరలు నిన్ననే తెచ్చావు పెద్దమ్మా."

"అయితే?"

స్టాపులో మహేందర్ ఉన్నాడు. ఉంటాడో ఉండడో అనుకున్నాను, ఉన్నాడు. పెద్దమ్మ తిన్నగా వెళ్లి అతని పక్కన నిలబడింది, బస్సు కోసం నిలబడ్డట్టే. "ఎక్కడికెళ్తున్నావు బాబూ?" అంది. అతను తడబడి, "ఏడికి లేదమ్మా, ఊకెనే" అన్నాడు. "ఊరికే అయితే ఇంటికెళ్లు నాయనా. మా పిల్లకి కాలేజీ ఉంది," అంది. గొంతు పెంచలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. మర్నాడు అతను వచ్చాడు, ఆవిడా వచ్చింది, అదే ఖాళీ సంచితో. అదే ప్రశ్న అడిగింది. వానాకాలం వచ్చింది, ఆవిడ గొడుగు కూడా తెచ్చుకుంది. కొన్నాళ్లకి అతను రోజు విడిచి రోజు వచ్చాడు, తర్వాత మానేశాడు. ప్రేమ తగ్గిందో, పెద్దమ్మ అడిగినదానికి జవాబు దొరకలేదో, నాకు తెలీదు.

నా కామెంటరీ కూడా ఆ సినిమాతోనే ఆగిపోయింది. తర్వాతి వారం నుంచి క్లబ్బువాళ్లకి ఎలాగో సబ్‌టైటిల్స్ దొరకడం మొదలైంది. మహేందర్ థీసిస్ ఇచ్చాడు, ఏదో ఊళ్లో పాఠాలు చెబుతున్నాడు, పెళ్లయింది, ఫొటోల్లో అందరూ నవ్వుతూ ఉంటారు. అతను ఎవరినీ చంపలేదు. ఈ వాక్యం రాసి చూసుకుంటే అదేదో పెద్ద మెచ్చుకోలులా ఉంది. మరి నేను అనవసరంగా భయపడ్డానా? అయ్యుండొచ్చు. మన భయం అవసరమైందో కాదో మనకి రుజువు కాకపోవడమే అదృష్టం. రుజువైనవాళ్లు పేపర్లో ఉంటారు. ఇప్పటికీ ఏ స్టాపుకెళ్లినా ముందు బస్సు నంబరు చూడను, నిలబడ్డ మగవాళ్లని చూస్తాను. బస్సు దాటిపోయిన రోజులున్నాయి.

నేనిప్పుడు సీతాఫల్‌మండిలో ఉంటాను. ఆదివారాలు తార్నాక వెళ్తాను. పెద్దమ్మకి కంటి వెనక నరమేదో దెబ్బతిని పెద్ద అక్షరాలు తప్ప కనపడవు, అందుకని పేపరు చదివే ఉద్యోగం నాకొచ్చింది. నేరాల పేజీ ఆవిడ మానలేదు. వినే పద్ధతే మారింది. వాడెవడో, ఎన్నేళ్లు వెంటపడ్డాడో చదవబోతే చెయ్యెత్తి ఆపుతుంది. "వాడి సంగతి తర్వాత. ఆ పిల్ల ఎక్కడికి వెళ్తోందట?" సాధారణంగా పేపర్లో అదుండదు. కుర్రాడి ప్రేమ మొదటి పేరాలో ఉంటుంది, కత్తి రెండో పేరాలో, అమ్మాయికి మిగిలేది వయసూ ఊరూ.

మొన్న ఆదివారం గ్రూపు సంగతి ఆవిడకి చెప్పాను. "లవ్ స్టోరీయా?" అంది. తర్వాత, "జంతికలు చెయ్యను. వస్తాను," అంది. గ్రూపులో రాశాను: 'వస్తా. కామెంటరీ చెప్తా. పెద్దమ్మ కూడా వస్తది.' అందరూ చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. గుండె బొమ్మ ఒక్కటీ పడలేదు.

ఫోను పక్కన పెట్టి పేపరు తీశాను. ఆ వేళ కూడా ఒకమ్మాయి ఉంది, ఏదో ఊళ్లో, బస్టాపులో. శీర్షికలో ప్రేమ ఉంది. పెద్దమ్మ అడిగింది, అడగాల్సిందే. వార్త మొత్తం పైనుంచి కిందికి చూశాను. లేదు.

"పరీక్షకి వెళ్తోందట పెద్దమ్మా," అన్నాను. "ఆఖరి పరీక్షట. బాగా చదివేదట. ముందురోజే పెన్నులు రెండు కొనుక్కుందట, ఒకటి ఆగిపోతే ఉంటుందని."

పెద్దమ్మ చెయ్యి చాపింది. పేపరు తీసుకుని కంటికి ఆనించుకుంది, అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఎక్కడే? నాకు కనపడదేం?"

"కింద ఉంది పెద్దమ్మా," అన్నాను. "చాలా చిన్న అక్షరాలు."